గిజిగాడు ఎవరి పేరు

లేబుళ్ళు నేసే ఆయన దుకాణం ఒక పాత భవనంలో మెట్ల కింద ఉంటుంది. కాస్త పొడుగువాళ్ళు నిలబడితే తల తగులుతుంది. ఆ ఇరుకులోనే రెండు యంత్రాలు, గోడ పొడుగునా రంగురంగుల దారపు కండెలు, ఒక మూల టీ కాచుకునే స్టవ్వు. చొక్కా మెడ దగ్గరా, సంచి లోపలా కుట్టే గుడ్డ లేబుళ్ళు కావలసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరైనా ఆయన దగ్గరికే వస్తారు. సంచులు అల్లే ఒకామెకు ఆయన చాలా ఏళ్ళుగా తెలుసు. బాబాయ్ అని పిలిచేది.

ఆ రోజు ఆమె వెళ్ళింది ఒక చిన్న చుట్ట లేబుళ్ళ కోసం. అక్కతో కలిసి నడిపిన అల్లిక సంచుల వ్యాపారం మూతపడి కొన్ని నెలలైంది. అమ్మకాలు పడిపోయాయి, ఇక ఈడ్చడం నా వల్ల కాదు, కొన్నాళ్ళు ఆపేద్దాం అని అక్క చెప్పింది. అక్క చెప్పాక ఇంకేముంది, ఆపేశారు. అయితే చేతులు ఊరుకోవు కదా. మిగిలిన నూలుతో ఇంట్లో కూర్చుని పది పదిహేను సంచులు అల్లింది. తెలిసినవాళ్ళు అడిగితే ఇవ్వచ్చు, పాత లేబులే కుడదాం అనుకుంది.

బాబాయ్ ఆమెను చూడగానే టీ పెట్టాడు. నూలు ధరల గురించి మాట్లాడాడు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాడు, లేబుళ్ళ మాట ఎత్తినప్పుడల్లా ఇంకేదో ఎత్తుకున్నాడు. చివరికి గ్లాసు కింద పెట్టి, ఆ పేరుతో ఎవరొచ్చి అడిగినా నేయవద్దని మీ అక్క చెప్పి వెళ్ళింది అన్నాడు.

"ఎవరొచ్చినా అంటే నేను కాదులే బాబాయ్" అంది ఆమె నవ్వుతూ.

"నీ గురించి కూడా చెప్పిందమ్మా. 'అది మా పేరు, మా మాట లేకుండా నేస్తే మీ మీద కూడా కేసవుతుంది' అంది."

అప్పుడు గాని ఆమె వెనకాల నడుస్తున్న యంత్రం వైపు చూడలేదు. దానిలోంచి తెల్లటి పట్టీ మీద ఆకుపచ్చ దారంతో ఒకదాని తర్వాత ఒకటిగా లేబుళ్ళు వస్తున్నాయి. వేలాడే గూడు, గూటి నోట్లోంచి తొంగిచూస్తున్న పిట్ట తల, కింద 'గిజిగాడు' అన్న పేరు. ఇవన్నీ ఎవరికి అని అడిగింది. ఒక పెద్ద సంచుల కంపెనీ గోడౌనుకు పంపాలని, ముందు ఈ విడత పోతే తర్వాత ఇంకా పెద్ద ఆర్డరు ఉంటుందని బాబాయ్ నేల వైపు చూస్తూ చెప్పాడు.

ఆమె టీ తాగకుండానే లేచింది. దారిలో ఆమెకు కేసు మాట గుర్తు లేదు, కంపెనీ మాట గుర్తు లేదు. 'మా పేరు' అన్న మాట ఒక్కటే చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ అక్క ఆమెతో ఎప్పుడు మాట్లాడినా 'మన పేరు', 'మన సంచులు', 'మన ముడి' అనేది. మన అంటే అందులో ఎదుటి మనిషి కూడా ఉంటుంది. మా అంటే ఉండదు. ఒక్క మాట మార్చి అక్క ఆమెను బయటికి పంపేసింది.

ఆ పేరు కథ చెప్పాలి. తల్లీతండ్రీ ఇద్దరూ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవారు. ఇంట్లో చెల్లెలిని చూసుకునే పని అక్కది. అక్క ఒక్క క్షణం ఏమరిందంటే చాలు, చెల్లెలు దొరికిన దారమల్లా తెచ్చి కుర్చీ కాళ్ళకీ, తలుపు గొళ్ళానికీ ముళ్ళు వేసేది. ఒకసారి నిద్రపోతున్న అక్క జడను మంచానికి కట్టేసింది. లేచి, తల పట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక, "ఓసి గిజిగాడా!" అంది అక్క. గూడు అల్లే ఆ పిట్ట పేరు ఆ పూట నుంచి చెల్లెలికి అతుక్కుపోయింది. ఆడపిల్లను పట్టుకుని గాడేమిటి అని తల్లి విసుక్కునేది. అయినా వీధి వీధంతా 'గిజిగాడు వచ్చింది', 'గిజిగాడు అన్నం తిందా' అనడం మొదలుపెట్టింది. బడి రిజిస్టరులో ఉన్న అసలు పేరు పంతుళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

పెద్దయ్యాక ఇద్దరూ రెండు దారులయ్యారు గాని రెండూ కలిసే దారులే. అక్క అందరికీ తలలో నాలుక. చెల్లెలికి నోట్లో నాలుకే లేదనేవారు. చెల్లెలు అల్లేది, అక్క అమ్మేది. నూలును మూడు పేటలుగా పురిపెట్టి, ఆ తాడుతో అల్లే సంచి అది. దాని నోటి దగ్గర ఒక ముడి ఉంటుంది. లాగితే బిగుస్తుంది, ఎంత బరువు వేసినా జారదు, బొటనవేలితో కింద నొక్కితే తప్ప విడదు. పనికి వచ్చే ఆడవాళ్ళు దాన్ని మొండిముడి అనేవారు. ఆ ముడి చూపించి అక్క దుకాణాలవాళ్ళ చేత ఆర్డర్లు రాయించుకునేది. "మా గిజిగాడు కట్టిన ముడి, మీ ఆయన కూడా విప్పలేడు" అని నవ్వించేది.

వ్యాపారం మొదలైన కొత్తలోనే ఒకరోజు అక్క పొద్దున్నే మంచి చీర కట్టుకుని బయలుదేరింది. పేరు రిజిస్టర్ చేయిస్తున్నాను, రేపు ఎవడో వచ్చి మన పేరు మనల్నే పెట్టుకోవద్దంటే కష్టం కదా అంది. చెల్లెలికి చాలా గర్వంగా అనిపించింది. నేనూ రానా అని అడిగితే, ఆఫీసుల చుట్టూ తిరగడం నీకెందుకు, ఆ పెద్ద ఆర్డరు పూర్తి చెయ్యి అంది అక్క. ఆర్డరు పూర్తి చేసింది.

బాబాయ్ దుకాణం నుంచి ఆమె తిన్నగా అక్క ఇంటికే వెళ్ళింది. బావ వీధి గదిలో టీవీ చూస్తున్నవాడు ఆమె ముఖం చూసి, లోపలుంది అని మాత్రం అన్నాడు. ఒకప్పుడు పని జరిగిన వెనక గదిలో అక్క ఆరిన బట్టలు మడత పెడుతోంది. గోడకు తాళ్ళు వేలాడదీసే కొక్కేలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటికి బావ చొక్కాలు తగిలించి ఉన్నాయి.

బాబాయ్ దగ్గర చూసిందంతా ఆమె చెప్పింది. అక్క కాదనలేదు. మడతలు ఆపలేదు కూడా.

"వ్యాపారం మూసేశామన్నావు" అంది చెల్లెలు.

"మూసేశాం. అందులో అబద్ధం లేదు. పేరు అమ్ముతున్నాను."

"ఎవరి పేరు?"

అక్క చేతిలో ఉన్న తువ్వాలును రెండోసారి విప్పి మళ్ళీ మడిచింది. "చూడవే. ఆ పేరు నీకు పెట్టిందెవరు? నేను. నేను అనకపోతే ఆ పేరే లేదు. దాన్ని ఊరంతా తిప్పి, గుమ్మం గుమ్మం ఎక్కి, నలుగురి నోళ్ళలో నానేలా చేసింది ఎవరు? అదీ నేనే."

"పెట్టింది నువ్వే. పిలిస్తే పలికింది నేను కదక్కా."

అక్క గొంతు తగ్గించింది. తనకు ఒంట్లో ఓపిక తగ్గిందని, ఇదివరకులా తిరగలేకపోతున్నానని, ఈ కంపెనీవాళ్ళు తమంతట తామే వెతుక్కుంటూ వచ్చారని, వాళ్ళకు కావలసింది పేరే గాని మనుషులు కాదని చెప్పింది. ఆ తర్వాత అన్న మాట చెల్లెలు చాలాకాలం మరిచిపోలేకపోయింది.

"నీ చేతిలో పని ఉంది. నిన్ను ఎక్కడ దింపినా, నాలుగు దారాలు దొరికితే నీ బతుకు నువ్వు బతుకుతావు. నాకేముంది? అరిగిపోయిన కాళ్ళు. ఇన్నేళ్ళలో నేను సంపాదించుకున్నది ఆ పేరొక్కటే."

అందులో కొంత నిజం ఉంది. అదే ఆమెను ఇంకా ఎక్కువ బాధ పెట్టింది. ఉత్త మోసమైతే తిట్టిపోసి రావచ్చు. అమ్ముతున్నానని నాతో ఒక్క మాట ఎందుకు అనలేదు అని అడిగింది. నువ్వు ఒప్పుకునేదానివి కాదు అంది అక్క. అడిగావా అంది చెల్లెలు. పుట్టి బుద్ధెరిగాక అక్క అడిగినదేదీ ఆమె కాదనలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వెళ్ళేటప్పుడు బావ టీవీ శబ్దం తగ్గించి, కాఫీ తాగి వెళ్ళరాదూ అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటూ, ఈ అమ్మకం సంగతి మీకు ఎప్పటినుంచి తెలుసు అని అడిగింది. ఆయన రిమోటు చేతిలో తిప్పుతూ, మీ అక్కాచెల్లెళ్ళ మధ్య నేనెందుకమ్మా అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆమె భర్తకు ఫోను చేసింది. అతను సరుకుల లారీ నడుపుతాడు. వారానికోసారి వస్తాడు. ఫోనులో విషయం విని, ముందు ఎవరైనా లాయరుకు చూపించు, ఆ తర్వాత ఏడుద్దువుగాని అన్నాడు. అది కటువుగా ఉన్నా పనికొచ్చే మాటే.

లాయరు ఒక ఫొటో స్టూడియో పైన ఉన్న గదిలో కూర్చుంటుంది. ఆమె కంటే చిన్నది. గోడ నిండా పుస్తకాలున్నా, ఆవిడ మాట్లాడుతుంటే పక్కింటావిడ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. సంచిని చేతిలోకి తీసుకుని ముడి లాగి చూసింది, విప్పలేకపోయింది, నవ్వింది. తర్వాత నవ్వే విషయాలేవీ రాలేదు.

ముందు పేరు సంగతి. వ్యాపారంలో వాడే పేరు ట్రేడ్‌మార్కు కిందికి వస్తుందని, అది పుట్టినప్పటి నుంచి మనదా, ముద్దు పేరా అన్నది అక్కడ పెద్దగా చూడరని, సరుకు మీద ఎవరు వాడారు, ఎవరు రిజిస్టర్ చేయించుకున్నారు అన్నదే చూస్తారని చెప్పింది. రిజిస్టరులో వెతికితే యజమాని గడిలో అక్క పేరు ఒక్కటే ఉంది. మీరిద్దరూ భాగస్వాములని ఎక్కడైనా రాసుకున్నారా అని అడిగింది. అక్కాచెల్లెళ్ళం, ఏం రాసుకుంటాం అంది ఆమె. మరి నెలనెలా ఏం తీసుకునేవారు అంటే, ఇంటి ఖర్చుకు అక్క చేతిలో పెట్టేది అంది. లాయరు కలం కింద పెట్టింది.

కలిసి నడిపిన వ్యాపారమని, అక్క దొంగచాటుగా తన ఒక్కదాని పేరున రాయించుకుందని దావా వేయవచ్చట. గెలిచినా గెలవవచ్చట. అయితే ఏళ్ళు పడుతుంది, అక్క ఎదురుగా బోనులో నిలబడుతుంది, మీరు అక్క దగ్గర కూలికి పనిచేశారని వాళ్ళ వకీలు నిరూపించబోతాడు అంది. అది మాటవరసకు అన్నది కాదు. లాయరు అక్కకు ఒక నోటీసు పంపితే వచ్చిన జవాబులో 'ఆమె మా వద్ద పనిచేసిన అల్లిక పనివారిలో ఒకరు' అని ఉంది. లాయరు చదివి వినిపించింది. ఆమె ఆ వాక్యం ఇంకోసారి చదవమంది. చదివినా అదే వాక్యం.

పోనీ ముడి? అది నేను కనిపెట్టిందే కదా అని అడిగింది. దానికి పేటెంటు అనేదొకటి ఉందట. అయితే ఆ తలుపు తట్టవలసింది సంచి బయటి మనిషికి చూపించక ముందు. కొత్తగా కనిపెట్టినదాన్ని బజారులో పెట్టి అమ్మేశాక, ఇది కొత్తది, ఇది నా ఒక్కదానిది అంటే ఒప్పుకోరు. సంచి రూపానికి వేరే రిజిస్ట్రేషన్ ఉంది గాని దానికీ అదే చిక్కు. కనీసం అల్లే పద్ధతిని రహస్యంగానైనా ఉంచారా అంటే, పనికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఆమె. నేర్పకపోతే పని ఎలా నడుస్తుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందండీ నా పని అంది.

లాయరు ఆలోచిస్తూ సంచికున్న పాత లేబులును వేలితో తడిమింది. ఈ బొమ్మ ఎవరు వేశారు అని అడిగింది.

"నేనే. అక్కకు పురుడొచ్చి ఆసుపత్రిలో ఉంది. నవ్విద్దామని మందుల సంచీ మీద వేసిచ్చాను."

"అప్పటికి వ్యాపారం ఉందా?"

లేదు. అప్పటికి సంచుల ఆలోచనే లేదు. లాయరు కుర్చీ ముందుకు జరుపుకుంది. బొమ్మ వేసిన క్షణం నుంచే అది వేసినవాళ్ళది, ఎక్కడా రిజిస్టర్ చేయించనక్కర్లేదు, దాన్నే కాపీరైటు అంటారని చెప్పింది. జీతానికి వేస్తే యజమానికి పోవచ్చు. ఇది జీతానికి వేసింది కాదు. రాసిచ్చి సంతకం పెడితే పోతుంది. మీరు పెట్టలేదు. కాబట్టి పేరు మీ అక్కదైనా పిట్ట మీదే అంది. ఒక్కటే చిక్కు. ఆ కాగితం సంచీ ఎప్పుడో పోయింది. బొమ్మ చెల్లెలు వేసిందని, అప్పుడు వేసిందని తెలిసిన మనిషి లోకంలో ఒక్క అక్కే.

అంటే అంతా అక్క నోట్లో ఉంది. నమ్మి మోసపోయిన మనిషినే మళ్ళీ నమ్మాల్సి రావడం ఎలా ఉంటుందో ఆమెకు ఆ వారం తెలిసింది. రోడ్డు మీద నడుస్తుంటే కూడా, ఇప్పుడు అక్క ఏం చెబుతూ ఉంటుంది, ఎవరి పేరు చెబుతూ ఉంటుంది అన్నదే ఆలోచన.

అక్క నిజమే చెప్పింది. కంపెనీవాళ్ళ వకీలు బొమ్మ ఎవరు వేశారని అడిగితే, నా చెల్లెలు వేసింది, నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు వేసింది అందని లాయరు ద్వారా తెలిసింది. అబద్ధం చెబితే మెడకు చుట్టుకుంటుందని భయపడి చెప్పిందో, ఆ ఒక్క విషయంలో అబద్ధం నోట రాక చెప్పిందో ఎవరికి తెలుసు. చెల్లెలికి మాత్రం ఆ మాట విన్న పూట కళ్ళు చెమర్చాయి. అక్క పూర్తిగా పోలేదు అనుకుంది.

ఆ ఊరట ఎక్కువ కాలం లేదు. మర్నాటి మధ్యాహ్నం అక్క వచ్చింది. గుమ్మంలోంచే "గిజిగా" అని పిలిచింది. ఎన్నాళ్ళకో ఆ పిలుపు. చెల్లెలు పని వదిలి లేచి నిలబడింది. అక్క లోపలికి వచ్చి, నిన్ను చూస్తే చిక్కిపోయినట్టున్నావు, సరిగ్గా తింటున్నావా అంది. మరిది ఎలా ఉన్నాడని అడిగింది. కొత్తగా అల్లిన సంచిని ఎత్తి చూసి, చెయ్యి ఇంకా తిరిగిందే నీకు అని మెచ్చుకుంది. తర్వాత సంచీలోంచి కాగితం తీసింది.

బొమ్మ మీద తనకున్న సర్వ హక్కులూ శాశ్వతంగా ఇచ్చేస్తున్నట్టు చెల్లెలు సంతకం పెట్టాలి. అది లేకుండా కంపెనీ ఆఖరి సంతకం పెట్టనంటోంది. చెల్లెలు కాగితాన్ని మెల్లగా, వేలు ఆనించి, చివరిదాకా చదివింది. అందులోనూ తనది 'పూర్వం పనిచేసిన పనివారిలో ఒకరు' అన్న హోదాయే. గిజిగా అన్న పిలుపు ఈ కాగితం కోసం వచ్చిందని అప్పుడు అర్థమైంది. పేరు రాయించుకున్నప్పుడు అక్క చేసింది తనకు కనబడలేదు. వ్యాపారం మూశామన్నప్పుడూ కనబడలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని, ఆప్యాయంగా, కళ్ళలోకి చూస్తూ చేస్తోంది. ఇదే అన్నిటికన్నా ఎక్కువగా తగిలింది.

అయినా ఆమె వెంటనే కాదనలేదు. ఒక్క వాక్యం కలపమను, నా చేత్తో నేను అల్లుకునే సంచుల మీద గిజిగాడు అని పెట్టుకోనిస్తామని రాయమను, సంతకం పెడతాను అంది. అక్క బయటికి వెళ్ళి కంపెనీ మనిషితో ఫోనులో మాట్లాడి వచ్చింది. ఒక పేరుకు ఇద్దరు యజమానులుంటే ఆ పేరుకు విలువ ఉండదంటున్నారు అని చెప్పింది.

"అయితే వద్దక్కా."

అక్క నమ్మలేనట్టు చూసింది. "నీకు దానివల్ల ఒరిగేదేముంది? నువ్వు కూడా ఆ పిట్టను సంచుల మీద వేసుకోలేవట. వాళ్ళ సరుకే అనుకుని జనం పొరబడతారని వాళ్ళు కేసు వేస్తారట. మీ లాయరు చెప్పలేదా?"

"చెప్పింది. ఒరిగేది ఏమీ లేదు."

"మరి?"

"నువ్వు అడిగినవన్నీ ఇచ్చాను. ఇది మాత్రం అడక్కుండా తీసుకున్నావు. ఇప్పుడు అడుగుతున్నావు. ఇవ్వను."

ఆమె అక్కతో ఇవ్వనని అనడం అదే మొదలు. గట్టిగా అనలేదు. అక్క కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, కడుపున పుట్టిన పిల్లలా చూసుకున్నానే నిన్ను అంది. అదీ నిజమే. అక్క వెళ్ళాక ఆమె పని ముందు కూర్చుంది గాని, సాయంత్రం దాకా వేసిన వరసలన్నీ విప్పేయవలసి వచ్చింది.

అమ్మకం ఆగలేదు. కంపెనీవాళ్ళు బొమ్మ తీసేసి, తమ మనిషి చేత వేరే పిట్టను గీయించుకున్నారు. బొమ్మ లేని పేరు కాబట్టి బేరం కొంత తగ్గించారని తర్వాత తెలిసింది. బాబాయ్ నేసిన మొదటి విడత లేబుళ్ళన్నీ వెనక్కి వచ్చాయి. దావా వేద్దామా అని లాయరు మరోసారి అడిగింది. గెలవగల కేసే, వదిలేయడం నాకు నచ్చడం లేదు అని కూడా అంది. ఆమె చాలా రోజులు ఆలోచించి వద్దంది. అక్క బోనులో నిలబడి, ఇది నా దగ్గర కూలి మనిషి అని నోటితో అనడం వినలేను, కాగితం మీద చూసింది చాలు అంది. లాయరు నిట్టూర్చి ఫైలు కట్టేసింది.

కొన్నాళ్ళకు గిజిగాడు సంచులు పెద్ద దుకాణాల్లో కనబడ్డాయి. ఆమె ఒక దుకాణంలో ఒక సంచిని చేతిలోకి తీసుకుని ముడి లాగి చూసింది. నాసిగా ఉంటే బాగుండునని లోపల ఎక్కడో ఉంది. నాసిగా లేదు. తాడు పురి బాగుంది, ముడి బాగుంది, బొటనవేలితో నొక్కితే సరిగ్గా విడింది. తను నేర్పిన ఆడవాళ్ళలో ఇద్దరు ఆ కంపెనీలో చేరారని విన్నది నిజమే అయి ఉంటుంది. పక్కన నిలబడ్డ ఒకావిడ, ఈ సంచులు చాలా గట్టివి, మా ఇంట్లో పాతది ఎనిమిదేళ్ళుగా వాడుతున్నాం అని ఆమెకు చెప్పింది. అది నేనల్లిందే అని చెప్పబోయి, అవునండీ మంచి సంచి అని బయటికి వచ్చేసింది.

మళ్ళీ పని మొదలుపెట్టక తప్పలేదు. పాత పనివాళ్ళలో కళ్ళద్దాల పిన్ని ఒక్కతే ఆమె వెంట ఉంది. దారం ఎక్కించేటప్పుడు అద్దాలు తీసేసి, మనిషిని చూసేటప్పుడు పెట్టుకునే అలవాటు ఆవిడది. ఇద్దరూ కొత్త పేరు వెతికారు. మెలిక అని పెడదామనుకుంటే ఎవరో ముందే తీసుకున్నారు. అల్లిక సంచి అంటే, ఉన్నదున్నట్టు చెప్పే పేరు ఏ ఒక్కరికీ కట్టబెట్టరు, కాపాడుకోవడం కష్టమని లాయరు చెప్పింది. ఒకరోజు పిన్ని మనవరాలు వచ్చి, కింద పడ్డ కండెను చూపించి "దాడం, దాడం" అంది. దారం అనడం ఇంకా రాదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అలాంటి మాట ఏ నిఘంటువులోనూ ఉండదు. రిజిస్టరులోనూ లేదు.

పిన్ని సంబరపడి, ఇంకేం, పెట్టెయ్ అంది. ఆమె మాత్రం ముందు మీ అమ్మాయి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నట్టు రాసివ్వాలి అంది. వ్యాపారంలో నీకెంత భాగం, నాకెంత, ఒకరు వదిలి వెళితే పేరు ఎవరికి, అమ్మాలంటే ఎవరెవరు సంతకం పెట్టాలి, అదంతా కూడా రాసుకుందాం అంది. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేర్లతో ఉంటుందని చెప్పింది.

పిన్ని అద్దాలు పెట్టుకుంది. "చంటిపిల్ల నోట్లో మాటకు కూడా కాగితమా అమ్మాయ్? నా మీద నమ్మకం లేకనా?"

"నా మీద నాకు లేదు పిన్నీ. నమ్మేస్తాను."

పిన్ని రెండు రోజులు ముభావంగానే ఉంది. పని చేసింది గాని కబుర్లు చెప్పలేదు. మూడో రోజు లాయరు రాసిన కాగితం చేతికిస్తే, కూతురి చేత చదివించుకుని సంతకం పెడతాను అని ఇంటికి తీసుకుపోయింది. కూతురు చదివి, మా పాప పెద్దయి వద్దంటే ఏం చేస్తారు అని అడిగి పంపింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. లాయరు నవ్వి ఒక వాక్యం కలిపింది. అప్పుడు సంతకాలయ్యాయి. లేబుళ్ళు ఎవరి చేతనైనా నేయించాలి కదా అని ఆమె బాబాయ్ దగ్గరికే వెళ్ళి, పేరు కాగితం మీద రాసిచ్చి వచ్చింది. ఆయన మంచివాడు, తప్పు పడిందనుకున్నాడు. చుట్ట చుట్టంతా 'దారం' అని దిద్ది నేసి పెట్టాడు. పిన్ని నవ్వీ నవ్వీ అద్దాలు తుడుచుకుంది. అలా మళ్ళీ కబుర్లు మొదలయ్యాయి.

అక్క చాలాకాలం రాలేదు, ఆమె వెళ్ళలేదు. బావ ఒకసారి దారిలో కనబడి, మీ అక్క నిన్ను తలుచుకుంటూ ఉంటుంది అన్నాడు. నేనూ తలుచుకుంటానని చెప్పండి అంది. అబద్ధం కాదు. ఏ తలపు అన్నది మాత్రం చెప్పలేదు.

చలి తగ్గాక ఒక ఉదయం ఫోను మోగింది. అక్క గొంతు. నాన్న పాత గడియారం నీ దగ్గర ఉందా, బాగు చేయిద్దామని అంటున్నారు మీ బావ అని అడిగింది. ఉంది, పంపిస్తాను అంది చెల్లెలు. అవతల అక్క ఊపిరి వినబడుతోంది. ఏదో పిలవబోయి ఆగినట్టు ఉంది. చివరికి బడి రిజిస్టరులో ఉండే ఆ అసలు పేరుతో పిలిచి, ఆరోగ్యం జాగ్రత్త అంది.

అక్క నోట ఆ పేరు వినడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఎవరినో పిలిచినట్టు అనిపించి, పలకడానికి క్షణం పట్టింది. అలాగే అక్కా, నువ్వు కూడా అని ఫోను పెట్టేసింది.